డ్రమ్ము మీద నల్ల మఖమల్

వైట్‌హైత్ రేవులో ఎవరు కన్నుమూసినా కబురు ముందు వాటీ గెడ్డెస్‌కే వెళుతుంది. పాస్టరు గారికి ఆ తర్వాత. వాటీ వడ్రంగి. వాళ్ళ నాన్న వడ్రంగి, తాతా వడ్రంగే. స్కాట్లండు ఈశాన్య తీరంలో మా పల్లెల్లో తలుపులూ కిటికీలూ చేసే చెయ్యే మనిషిని సాగనంపే పెట్టె కూడా చేస్తుంది, ఆ రోజు దగ్గరుండి పని అంతా నడిపిస్తుంది. అరవై రెండేళ్ళ వాటీ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎవరి గుమ్మంలో అడుగుపెట్టినా తలుపు చప్పుడు కాకుండా వేస్తాడు. టేపు తీయకుండానే ఊళ్ళో అందరి ఎత్తూ చెప్పగలడు. "నీ ఎదురుగా నిలబడాలంటే వంగి నిలబడాలనిపిస్తుందిరా, కలప మిగులుతుందని" అని జనం నవ్వుతారు. అతనూ నవ్వుతాడు.

ఇంత నెమ్మదైన మనిషి ముప్పై ఆరేళ్ళపాటు రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయించాడంటే కొత్తవాళ్ళు నమ్మరు. ఆ బ్యాండు మూగబోయి నాలుగేళ్ళయింది. ఎందుకు మూగబోయిందో ఊరికి తెలుసు. గాయకుడు డోడ్ స్లేటర్ వాటీతో మాట మానేశాడు.

మే నెలలో ఒక ఉదయం వాటీ కిటికీ చట్రానికి చిత్రిక పడుతుంటే పక్కింటి గోడ మీద కర్రతో మూడు దెబ్బలు వినిపించాయి. రెండు దెబ్బలైతే టీ కాచానని అర్థం. మూడైతే టీతో పాటు మాట కూడా ఉందని. వాటీ చేతులు దులుపుకుని వెళ్ళాడు.

పక్కిల్లు జెస్సీ పిన్నిది. వరసకి పిన్ని కాదు, ఊరందరికీ పిన్ని. చేపల షెడ్డులో నలభై ఏళ్ళు కత్తి పట్టిన మనిషి. ఎనభై తొమ్మిదేళ్ళు వచ్చినా నాలుక పదును తగ్గలేదు.

"వచ్చే శనివారం తర్వాతి శనివారం నాకు తొంభై నిండుతాయి" అంది, ఓట్స్ రొట్టె మీద వెన్న రాస్తూ.

"తెలుసు పిన్నీ. ఊరంతా చర్చి హాల్లో టీ పెడుతున్నారుగా. నీకేం చెయ్యమంటావో చెప్పు, కొత్త వాలుకుర్చీ చెయ్యనా?"

"కుర్చీలో కూర్చుని ఏం చూడను? మీ గోల కావాలి నాకు."

"ఏ గోల?"

"మీ బ్యాండురా. డోడ్, నువ్వూ. నాలుగేళ్ళయింది ఆ గోడ పలక్క. మధ్యాహ్నం పడుకుంటే నిద్ర పట్టడం లేదు. డాక్టరు గారు మాత్ర ఇచ్చాడు. మాత్ర వేసుకుంటే కల కూడా రాదు."

వాటీ రొట్టె ముక్క తుంచుకున్నాడు. డోడ్ రాడని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ అడిగింది డ్రమ్ము దెబ్బ కాదు, ముప్పై ఆరేళ్ళ స్నేహం. అది తనకూ కావాలి. ఎలా తెచ్చుకోవాలో తెలియకే నాలుగేళ్ళుగా చిత్రిక పడుతున్నాడు.

ఆ బ్యాండు పుట్టిందే ఈ గోడ పక్కన.

అప్పట్లో వాటీకి ఇరవై రెండు. డోడ్‌ది వాళ్ళ నాన్న పడవ మీద పని. గిటారు వాయిస్తూ గొంతెత్తితే రేవు అవతలి గట్టుకి వినపడేది. మూడో మనిషి నెట్టా మెయిర్. జెస్సీ పిన్నితో పాటు చేపల షెడ్డులో పని, తీరిక దొరికితే బేస్ గిటారు. పాడుకోవడానికి ఎవరూ చోటివ్వలేదు. వడ్రంగి షెడ్డులో అయితే గోడ వారన నిలబెట్టిన పెట్టెలు తప్ప కాదనేవాళ్ళు లేరు. పనులయ్యాక మధ్యాహ్నాలు అక్కడ చేరేవాళ్ళు.

రెండు నెలలు ఊరు ఊగిపోయేలా వాయించారు. ఒక సోమవారం పనిలో నెట్టా జెస్సీ పిన్ని కళ్ళు చూసింది. ఎర్రగా ఉన్నాయి. పిన్ని తెల్లవారుజామున మూడింటికే చేపల షెడ్డుకి వెళ్ళి మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకునేదని, ఆమె మంచం సరిగ్గా డ్రమ్ముల వెనక గోడకి ఆనుకుని ఉందని అప్పుడు తట్టింది నెట్టాకి. పిన్ని ఒక్కమాట అనలేదు. "పిల్లలు ఏదో సంతోషంగా ఉన్నారు" అనుకుని దిండు చెవి మీద వేసుకుందట.

ఆ శనివారం నెట్టా అటక ఎక్కి దుమ్ము కొట్టుకుపోయిన ఒక నల్ల మఖమల్ గుడ్డ దింపింది. పూర్వం చర్చి వాళ్ళు పెట్టె మీద కప్పడానికి ఇచ్చే గుడ్డ అది, మార్ట్‌క్లాత్ అంటారు. బీదాబిక్కీ అయినా, ఓడల యజమాని అయినా ఊళ్ళో అందరికీ అదే గుడ్డ. ఆ ఆచారం పోయాక వాటీ తాత దాన్ని అటక మీద దాచాడు. పవిత్రమైన వస్తువు, ఊరికే వాడటానికి వాటీకి మనసొప్పలేదు. టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళి అప్పటి పాస్టరు గారిని అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి, "నిద్రపోయినవాళ్ళ మీద కప్పిన గుడ్డే కదయ్యా. నిద్రపోవాల్సినవాళ్ళ కోసం వాడితే దేవుడేమీ అనుకోడు" అన్నాడట.

గుడ్డ నాలుగు మడతలు వేసి డ్రమ్ము మీద పరిచారు. దెబ్బ దూరంగా, లోతుగా, నేల కింద నుంచి వస్తున్నట్టు మోగింది. దానికి తగ్గట్టు నెట్టా నిదానించింది. డోడ్ గొంతు దించాడు. గొంతు దించాక అతనికి వచ్చే పాటలూ మారాయి. మునిగిన పడవలు, తిరిగి రాని అన్నదమ్ములు, మంచులో దారి తప్పిన దీపాలు. "ఒక్క ప్రేమపాట రాయరా నాయనా" అని నెట్టా పోరితే రాశాడు. రెండో చరణానికల్లా పాటలో పిల్ల నీళ్ళలో పడిపోయింది.

బ్యాండుకి మార్ట్‌క్లాత్స్ అని పేరు పెట్టుకున్నారు. వేదిక మీద నల్ల కోట్లు వేసుకునేవాళ్ళు, ఎందుకంటే వాటీ ఇంట్లో మనిషికొకటి చొప్పున ఉన్నవి అవే. సామాను పట్టే బండి ఊళ్ళో ఒకటే, వాటీ శవపేటికలు మోసే నల్ల బండి. దాంట్లోనే ఎల్గిన్ వెళ్ళారు, అబర్డీన్ వెళ్ళారు. దారి పొడవునా జనం టోపీలు తీసి నిలబడేవాళ్ళు. లోపల డోడ్ శాండ్‌విచ్ తింటూ తల కిందికి వంచుకునేవాడు, వాళ్ళ మర్యాదకి భంగం రాకూడదని.

గ్లాస్గోలో ఒక పత్రిక వీళ్ళ గురించి రాసింది. 'ఈ ముగ్గురూ సమాధిలోకి తొంగి చూసి వచ్చినవారు' అని. వాటీ అది రెండుసార్లు చదివి, "నిజమే, వారానికొకసారైనా చూడాల్సి వస్తుంది. లోతు సరిపోయిందో లేదో చూసుకోవద్దూ" అన్నాడు. వాళ్ళ పాటలోని చీకటికి పెద్ద పెద్ద అర్థాలు చెప్పారు పట్నాల్లో. చేపలు కోసి అలసిపోయిన ఒక ఆడమనిషి నిద్ర చెడకూడదని వేసిన నాలుగు మడతల గుడ్డ అని ఎవరికీ తట్టలేదు. వీళ్ళూ చెప్పుకోలేదు.

ఒకసారి జర్మనీ నుంచి ఒక జంట వెతుక్కుంటూ వచ్చింది. మొహాలకి తెల్ల పొడి, కళ్ళ చుట్టూ దట్టంగా నలుపు, ఒంటి మీద అంతా నల్ల బట్టలు. వాటీ వాళ్ళని చూడగానే షెడ్డులో రేడియో ఆపేశాడు. కుర్చీలు తుడిచి వేశాడు. టీ ఇచ్చాడు. మెల్లగా, "ఎవరమ్మా పోయింది?" అని అడిగాడు. ఆ పిల్లకి ఏమనాలో తోచక, "మా అమ్మమ్మ, పోయిన ఏడాది" అంది. అంతే, వాటీ అరగంట ఆ అమ్మమ్మ గురించి అడిగి తెలుసుకున్నాడు. ఆ పిల్ల మనసారా ఏడ్చింది. వెళ్ళేటప్పుడు పాటల సంగతి ఎత్తడమే మరిచిపోయారు. ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డు వస్తుంది వాళ్ళ దగ్గర నుంచి.

అలా ముప్పై ఆరేళ్ళు. తర్వాత నెట్టాకి జబ్బు చేసింది. మూడు నెలల్లో పోయింది.

మా వైపు పెట్టెని గోతిలోకి దింపేది ఎనిమిది తాళ్ళతో. ఏ తాడు ఎవరిదో చిన్న కార్డుల మీద అంకె వేసి ముందే పంపుతారు. ఒకటో తాడు తల దగ్గర, అందరికన్నా అయినవాళ్ళది. రెండోది కాళ్ళ దగ్గర. తక్కినవి పక్కలకి. కార్డు అందితే పోయినవాళ్ళకి నువ్వు ఏమవుతావో ఊరికి తెలుస్తుంది. అందకపోయినా తెలుస్తుంది.

నెట్టా అన్న దుఃఖంలో ఉండి, "నీకు తెలియనిదేముంది వాటీ, నువ్వే రాసెయ్" అన్నాడు. వాటీ రాశాడు. అన్న, అతని కొడుకులు, మేనమామ, అబర్డీన్ నుంచి వచ్చిన దాయాదులు. ఎనిమిది నిండాయి. ఆ రోజు డోడ్ చర్చి గోడ దగ్గర జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నెట్టాని పదేళ్ళుగా చూడని దాయాది ఏడో తాడు పట్టాడు. తర్వాత టీ దగ్గర డోడ్ ఒకే మాట అన్నాడు. "ఎనిమిది మందిలో నేను లేనన్నమాట." కప్పు కింద పెట్టి వెళ్ళిపోయాడు. అదే ఆఖరి మాట.

అయితే శత్రుత్వం అంటే ఎలా ఉండాలో ఇద్దరికీ సరిగ్గా తెలియదు. ప్రతి శుక్రవారం పొద్దున్నే వాటీ తలుపు గొళ్ళేనికి కాగితంలో చుట్టిన రెండు హాడక్ చేపలు వేలాడుతుండేవి. ఏ వారం తప్పలేదు. పెట్టినవాడు కనిపించడు. చలికాలం వచ్చి డోడ్ ఇంటి తలుపు చెమ్మకి ఉబ్బితే, అతను సముద్రం మీదున్న వేళ చూసి వాటీ వెళ్ళి అంచు చిత్రిక పట్టి వచ్చేవాడు. ఇద్దరిలో ఎవరూ ఈ సంగతి ఎత్తరు. దారిలో ఎదురైతే చెరో పక్కకి చూస్తారు.

"వాడు రాడు పిన్నీ" అన్నాడు వాటీ చివరికి. "ఎనిమిది తాళ్ళే ఉన్నాయి, నేనేం చెయ్యను? తొమ్మిదోది ఎక్కణ్ణుంచి తేను?"

జెస్సీ పిన్ని బిస్కెట్ల డబ్బా తెరిచి ఒక కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుంది.

"నా తాళ్ళ జాబితా. ఆడవాళ్ళు తాడు పట్టకూడదంటారు, అయినా రాశాను, మా నాన్న వింటే మళ్ళీ పోయేవాడు. ఒకటి మా అబ్బాయి. రెండు కోడలు. మూడూ నాలుగూ మనవరాళ్ళు. ఐదు, వాటీ గెడ్డెస్."

"నన్నెందుకు రాశావు? పని నడిపేవాణ్ణి నేను. పనివాడు తాడు పట్టకూడదు. పక్కన నిలబడి చూసుకోవాలి."

"నెట్టాకీ అలాగే నిలబడ్డావుగా."

"మరి? నాలుగు వైపులా చూడాలి. పెట్టె ఒరిగిపోకూడదు."

"ఏడుపు రాలేదా?"

"పనిలో ఉన్నాను పిన్నీ."

"సరే, నువ్వు పనిలో ఉన్నావు. డోడ్ ఏ పనిలో ఉన్నాడు?"

వాటీ కప్పు కింద పెట్టాడు.

ఆనాడు రాసిన కార్డులన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. కార్డులు రాస్తున్నప్పుడు డోడ్ పేరు తోసెయ్యలేదు. అసలు తట్టలేదు. తన పేరు తనకి ఎలా తట్టదో అలా. ముప్పై ఆరేళ్ళు ఒకే బండిలో, ఒకే రకం నల్ల కోట్లలో తిరిగి, తానెక్కడుంటే డోడ్ అక్కడే అనుకున్నాడు. చావింట్లో తాను పనివాడు కనుక డోడ్‌నీ పనివాళ్ళ పక్కన నిలబెట్టాడు. వాడు మాత్రం పనివాడిగా రాలేదు. తోబుట్టువు పోయినట్టు వచ్చాడు.

"టీ చల్లారిపోయింది" అంది పిన్ని. "ఇంకోటి పొయ్యనా?"

"వద్దు పిన్నీ. పనుంది."

ఆ సాయంత్రం వాటీ బల్ల ముందు కూర్చుని ఒక కార్డు రాశాడు. రాయడానికి మూడు నిమిషాలు పట్టింది. చూస్తూ కూర్చోవడానికి చాలాసేపు. పడుకోబోయే ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎప్పుడూ చేసే ప్రార్థనకి ఒక మాట చేర్చాడు.

మర్నాడు పొద్దున రేవుకి వెళ్ళాడు. ఆటు వేళ, నీళ్ళు బాగా దిగిపోయి ఉన్నాయి. గట్టు మీద నుంచి చూస్తే డోడ్ పడవ రెండు నిలువుల లోతులో ఉంది. డోడ్ పీతల బుట్టలు అల్లుకుంటున్నాడు. ఇనుప నిచ్చెన ఉంది కాని వాటీ దిగలేదు. పెట్టెలు చేసేవాడు పడవలో కాలు పెడితే ఆ పడవ వారం రోజులు కదలదు. అది వాటీకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"డోడ్" అని పిలిచాడు.

డోడ్ తలెత్తలేదు. "దిగకు" అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట.

"దిగనులే. వచ్చే వారం శనివారం జెస్సీ పిన్ని పుట్టినరోజు. మనల్ని వాయించమంది. హాలు ఇస్తానని పాస్టరు గారు..."

పడవలో పాస్టరు మాట ఎత్తితే చెడ్డ శకునం, ఇనుము ముట్టుకుంటే దోషం పోతుందని బెస్తవాళ్ళ నమ్మకం; డోడ్ చటుక్కున పక్కనున్న ఇనుప కడియం ముట్టుకున్నాడు. "పడవలో ఆ మాటేంట్రా?"

"నేను పడవలో లేనుగా."

"మాట దిగొచ్చింది."

కొంగలాంటి సముద్రపు పిట్ట ఒకటి ఇద్దరి మధ్య నుంచి అరుచుకుంటూ పోయింది. వాటీ గట్టు మీదున్న చేపల బొక్కెన తీసుకుని, దాంట్లో కవరు పెట్టి, తాడు నెమ్మదిగా వదిలాడు. చేతి మీద చెయ్యి మారుస్తూ, ఒరిగిపోకుండా. ఆ పని అతనికి కొత్త కాదు.

డోడ్ దిగివస్తున్న బొక్కెన్ని చూశాడు. "ఏంట్రా, నన్ను పూడుస్తున్నావా?"

"చదువు ముందు."

డోడ్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని కవరు విప్పాడు. వాల్టర్ గెడ్డెస్ అంత్యక్రియలు అని వాటీ పూర్తి పేరుతో ఉంది. తాడు నంబరు ఒకటి, జార్జ్ స్లేటర్ గారు, అంటే డోడ్. తేదీ దగ్గర ఖాళీ.

చాలాసేపు చదివాడు. అంత చదవడానికి అందులో ఏమీ లేదు.

"తల దగ్గరా?" అన్నాడు.

"తల దగ్గరే."

"తేదీ లేదు."

"తొందరేముంది?"

"నీకు జబ్బేం లేదుగా?"

"మోకాలు నొప్పి. దాంతో పోను." వాటీ తాడు వదలకుండా పట్టుకునే ఉన్నాడు. "డోడ్, నెట్టా అప్పుడు నేను నిన్ను లెక్కలోంచి తీసెయ్యలేదురా. నన్నూ నిన్నూ ఒకటే లెక్క వేసుకున్నాను. నేను పక్కన నిలబడాలి కదా, నువ్వూ నాతోనే అనుకున్నాను. తప్పు. నీ చేతికి తాడు ఇవ్వాల్సింది. రెండో తాడు నీదే."

డోడ్ కార్డుని టోపీలో పెట్టి, ఆ టోపీ మళ్ళీ తల మీద పెట్టుకున్నాడు.

"మరి నేను ముందు పోతే?"

"నీ పెట్టె నేనే చేస్తాను. పని నడపడానికి మాత్రం ఎల్గిన్ నుంచి ఇంకో మనిషిని పిలుస్తాను. నేను తాడు పడతాను."

"ఏడుస్తావా?"

"ఏడుస్తాను."

"అయితే సరే" అన్నాడు డోడ్. కాసేపు బుట్ట అల్లాడు. తర్వాత, "శనివారం ఎన్నింటికి?"

"మూడింటికి."

"ముసలమ్మ పడుకునే వేళ కదరా అది."

"అందుకే."

బొక్కెన పైకి లాగబోతే బరువుగా ఉంది. చూస్తే రెండు హాడక్ చేపలు.

"ఇవాళ బుధవారం" అన్నాడు వాటీ.

"శుక్రవారానివి శుక్రవారం వస్తాయి" అన్నాడు డోడ్. మళ్ళీ గొంతు సవరించుకుని, "మా తలుపు ఈ ఏడాది కాస్త ఎక్కువ గీశావు. సందులోంచి గాలి వస్తోంది" అన్నాడు.

ఆ శనివారం చర్చి హాలు నిండిపోయింది. పొడవాటి బల్లల మీద రొట్టెలు, కేకులు, ఊళ్ళో ఉన్న టీ కెటిల్లు అన్నీ. పాస్టరు గారు ప్రార్థన చేసి తొంభై ఏళ్ళకి దేవుడికి వందనాలు చెప్పారు. జెస్సీ పిన్ని ముందు వరసలో వాలుకుర్చీలో కూర్చుంది. వాటీ కుర్చీ చేశాడు, అడక్కపోయినా.

నెట్టా బేస్ గిటారుని ఆమె అన్న తెచ్చి వేదిక మీద ఆమె నిలబడే చోట కుర్చీకి ఆనించాడు. వాయించేవాళ్ళెవరూ లేరు. డోడ్, వాటీ ముందు రోజు రెండు గంటలు సాధన చేసి, ఆ ఖాళీని అలాగే ఉంచాలని అనుకున్నారు. మొదటి పాట మొదలుపెట్టాక నెట్టా వాయించాల్సిన చోటు వచ్చింది. హాల్లో వెనక వరసల్లోంచి బూట్లతో నేల తట్టే చప్పుడు లేచింది. చేపల షెడ్డు ఆడవాళ్ళు. ముప్పై ఆరేళ్ళు వడ్రంగి షెడ్డు గోడ బయటి నుంచి విన్నవాళ్ళే అందరూ, ఆ దరువు ఒక్కళ్ళకీ తప్పలేదు. డోడ్ ఒక పాదం పాడకుండా వదిలేశాడు. వాటీ తలెత్తి అతని వంక చూశాడు. డోడ్ గిటారు వైపు చూసి తలూపి పాట అందుకున్నాడు. ఇద్దరి కళ్ళూ తడిశాయి, కాని దరువు తప్పలేదు.

రెండో పాట మునిగిన పడవది. కాకపోతే ఆ పడవలో వాళ్ళు ఈ సారి ఒడ్డుకి చేరారు. డోడ్ చరణం మార్చేశాడు, ఎవరికీ చెప్పకుండా. వాటీ ఒక దెబ్బ తడబడి నవ్వాడు.

మూడో పాట సగంలో వాటీ ముందు వరసలోకి చూశాడు. జెస్సీ పిన్ని తల ఒక పక్కకి వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒళ్ళో కేకు ముక్క పళ్ళెం ఉంది. కోడలు కంగారుగా ముందుకి వంగి చూసి, పిన్ని గురక విని నవ్వుకుంటూ పళ్ళెం మెల్లగా తీసేసింది. చుట్టుపక్కల వాళ్ళు బూట్లు ఆపేశారు. ఒకావిడ తన శాలువా తీసి ఆ మోకాళ్ళ మీద కప్పింది.

డోడ్ గిటారు వాయిస్తూనే వెనక్కి తిరిగి, డ్రమ్ముల మీదికి వంగాడు.

"ఇంకో మడత వెయ్యరా" అన్నాడు గుసగుసగా. "నిద్ర చెడుతుంది."

వాటీ ఒక చేత్తో దరువు వేస్తూనే, రెండో చేత్తో నల్ల మఖమల్ మీద ఇంకో మడత వేశాడు.